ఆషాఢం మాకు రాత నెల

2025 మార్చి ఆఖరి వారంలో ఒక దినపత్రిక ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అప్పుడు మా ఇద్దరి చేతుల్లోనూ దబ్బనాలున్నాయి. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. రోజాలో ఉన్నాం, గొంతు ఎండిపోతోంది. ఉగాది దాటాక వచ్చే ముహూర్తాల తాలూకు పరుపులు ఏడు, తలగడలు పద్నాలుగు ఇంకా కుట్టాలి.

"పండగ సోమవారమో మంగళవారమో కదండీ, ప్రత్యేక పేజీ వేస్తున్నాం. మీ చిన్నప్పటి రంజాను గురించి ఐదొందల మాటలు రాసి రేపు సాయంత్రానికి పంపెయ్యండి. సేమ్యాలు, అత్తరు, ఇరుగుపొరుగు హిందువులతో స్నేహం, అట్లాంటివి" అన్నాడా అబ్బాయి. మర్యాదగానే అడిగాడు.

"ఇప్పుడు కుదరదండీ, ఆషాఢంలో రాసిస్తాం" అన్నాం.

నవ్వాడు. "ఆషాఢంలో రంజాను గురించి ఎవరు చదువుతారండీ?"

ఏటా ఇదే వరస. రంజానుకి ఒకసారి, బక్రీదుకి ఒకసారి మేమూ రాస్తామని ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది. ఎక్కడైనా బాంబు పేలితేనో, గొడవ జరిగితేనో మళ్ళీ గుర్తొస్తుంది, "మీ వాళ్ళు ఏమనుకుంటున్నారు?" అని. మిగతా రోజులన్నీ మేము పరుపులు కుట్టేవాళ్ళమే. ఆ రెండు పండగలే మాకు ఊపిరాడని రోజులు. మరి మీకు రాసే తీరిక ఎప్పుడు దొరుకుతుందండీ అని అడిగిన మనిషి ఇంతవరకూ లేడు. అందుకని అడక్కపోయినా ఇక్కడ ఆ సంగతే రాస్తున్నాం. ఆ తీరిక ఎక్కడ దొరుకుతుంది, ఎవరి దగ్గర నుంచి తీసుకుంటాం అన్నది.

మేము అంటే ఇద్దరం, మొగుడూ పెళ్ళాం. దూదేకుల వాళ్ళం. కాగితాల్లో నూర్‌బాషా అని కూడా రాస్తారు. కొత్తపేటలో ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లో తెలుగే. ఉర్దూ వచ్చిన ముస్లిములు కొందరు మమ్మల్ని సగం ముస్లిముల కింద కడతారు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం మేము నిండు సాయిబులమే. సర్కారు లెక్కలో దూదేకులు బీసీ-బి. మిగతా ముస్లిముల్లో వెనకబడినవాళ్ళు 2007 నుంచి బీసీ-ఇ. పిల్ల సర్టిఫికెట్టు కోసం వెళ్ళినప్పుడు ఈ తేడా బల్ల అవతల కూర్చున్నవాళ్ళకి మేమే విడమరిచి చెప్పాల్సొచ్చింది. అలా మూడు పూటలు పోయాయి. ఆ మూడు పూటలూ మా రాత తీరికలోంచి పోయినవే.

మేము నెలకొక కాగితం నడుపుతాం. పత్రిక అనడానికి మాకే మొహమాటం. ఒక ఠావు, రెండు వైపులా చేతిరాత. ఒకటి కొట్టు తలుపుకి అంటిస్తాం. ముప్ఫై జిరాక్సులు తీయించి రాజోలు, అంబాజీపేట, ముమ్మిడివరం, అమలాపురం వైపు చుట్టాలకీ తెలిసినవాళ్ళకీ వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపుతాం. దానికి పేరు లేదు. "కాగితం వచ్చిందాండీ?" అని అడుగుతారు, అంతే.

అది మొదలైంది 1996 తుపానుకి. నవంబరు ఆరో తేదీ రాత్రి. కోనసీమలో ఆ రాత్రి తలుచుకోని ఇల్లు లేదు. వెయ్యికి పైగా మనుషులు పోయారు. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. కొబ్బరి పోతే మా వైపు డబ్బు ఆగిపోతుంది, డబ్బు ఆగితే పెళ్ళి ఆగుతుంది, పెళ్ళి ఆగితే పరుపెవరు కుట్టించుకుంటారు? కొట్లో దూది తడిసి ముద్దయింది. సాయం జాబితా రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మా వీధి పేర్లు తప్పులతడకగా రాసుకుపోయారు. మీరా మీరయ్య అయ్యాడు. బీబీ బేబీ అయింది. పేరు కలవకపోతే బియ్యం రావు. పనెలాగూ లేదు కనక మేమిద్దరం కూర్చుని ఎవరి పేరేమిటి, ఏ ఇంట్లో ఏం పోయింది అని ఒక ఠావు మీద గుండ్రంగా రాసి తలుపుకి అంటించాం. జనం నిలబడి చదివారు. ఒక ముసలామె, చదువు రానామె, తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి దాని మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. జాబితా కింద నాలుగు వేళ్ళ జాగా మిగిలితే తడిసిన దూదిని ఎలా ఆరబెట్టి మళ్ళీ ఏకాలో రాశాం. అదే మా మొదటి వ్యాసం.

అప్పటికి ముస్లింలు తమ గురించి తాము తెలుగులో రాసుకుంటున్నారన్న సంగతి మాకు సరిగ్గా తెలియదు. ఖాదర్ మొహియుద్దీన్ గారి 'పుట్టుమచ్చ' 1991 లోనే వచ్చిందని తర్వాతెప్పుడో విన్నాం. 1998 లో 'జల్జలా' వచ్చింది. అది మా చేతికందినప్పుడు పెళ్ళిళ్ళ రోజులు. ఒకరు కుడుతుంటే ఒకరు పైకి చదివారు, దారం అయిపోతే చేతులు మార్చుకున్నాం. "మీరు తెలుగు భలే రాస్తారే!" అని ఇప్పటికీ ఎవరో ఒకరు ఆశ్చర్యపోతుంటారు. మాకు వేరే భాష రాదు కదండీ. మా జిల్లాకి పక్కనే పిఠాపురంలో ఉమర్ అలీషా గారు (1885-1945) పద్యకావ్యాలు రాసి, ఖయ్యామును తెలుగు చేసి, పీఠం నడిపి వెళ్ళిపోయారు. అయినా ఇంకా ఆశ్చర్యమే.

ఇక తీరిక సంగతి.

దూదేకే చోట రాయడం కుదరదు. మా నాన్నల కాలంలో విల్లు ఉండేది. నరం తాడు మీద కొయ్యతో కొడుతుంటే ఒక వరస మోత వచ్చేది. ఆ మోతలో పాట పాడుకోవచ్చు, కథ చెప్పుకోవచ్చు. ఇప్పుడు మోటారు మిషను. దాని ముందు మాట వినబడదు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటే నోరు పెగలదు. సిరా పెన్నయితే పాళీకి నూగు పట్టుకుని అక్షరానికి తోక మొలుస్తుంది. అందుకని బాల్‌పెన్ను. గుర్తొచ్చిన ముక్క బిల్లు పుస్తకం వెనకవైపు గీకి పెట్టుకుంటాం. సాయంత్రానికి అందులో సగం మాకే అర్థం కాదు. ఒకసారి "మామ్మ - చింతచెట్టు - రెండు" అని ఉంది. ఆ రెండు ఏమిటో ఈనాటికీ తెలియలేదు.

రాత్రి ఇషా నమాజు అయ్యాక అన్నాలు తిని, కొట్టు తలుపులు వేశాక ఒక అరగంట. అదీ కరెంటు ఉంటే, ఒళ్ళు సహకరిస్తే. పెళ్ళిళ్ళ రోజుల్లో అదీ ఉండదు. పెళ్ళికూతురితో పంపే సారెలో పరుపు ఉండి తీరాలి. ముహూర్తానికి రెండు రోజుల ముందు అందకపోతే ఆ ఇంటి ముందు మేము తలెత్తుకోలేం. కాబట్టి మా తీరికని నిర్ణయించేది మేము కాదు, పంచాంగం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం వచ్చాయంటే దబ్బనం దింపలేం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ఖాళీ. నమాజు చేసుకునే ఇంట్లో కొత్త సంవత్సరానికి మొదట కొనేది పంచాంగం అంటే మా మసీదు కుర్రాళ్ళు నవ్వుతారు. మా గోడకి అది, దాని పక్కనే నమాజు వేళల కాగితం, రెండూ ఒకే మేకుకి వేలాడుతుంటాయి. మూఢం ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో మాకు నోటికి వచ్చు. గురుమూఢమా శుక్రమూఢమా అన్నది పంతులుగారికి ఎంత ముఖ్యమో మాకూ అంతే ముఖ్యం.

ఇలా చూసుకుంటూ పోతే మాకొక తమాషా తెలిసింది. తెలుగు నెల అమావాస్య మర్నాటి నుంచి లెక్క. మా నెల నెలవంక కనబడ్డాక. కాబట్టి రెండూ ఒకటి రెండు రోజుల తేడాలో ఒకేసారి మొదలవుతాయి. ఇద్దరికీ అదే చంద్రుడు మరి. కాకపోతే పంచాంగంలో మూడేళ్ళకొకసారి అటూ ఇటూగా అధికమాసం కలుపుతారు, మాకు కలపరు. అందుచేత రంజాను రెండు మూడేళ్ళ పాటు ఒక తెలుగు నెలతో చేయి పట్టుకుని నడుస్తుంది. అధికమాసం రాగానే ఒక నెల వెనక్కి జరుగుతుంది. 2013 లోనూ 2014 లోనూ రంజాను ఆషాఢంలో పడింది. 2015 లో అధిక ఆషాఢంలో. ఆ మూడేళ్ళూ మాకు పండగే. పెళ్ళిళ్ళు లేవు, ఉపవాసం పగలు నీడన కూర్చోవచ్చు, సహరీకి లేచాక ఫజర్ అజా దాకా ఉండే ఆ కాస్త వేళలో రాసుకోవచ్చు. మా కాగితాల్లో చెప్పుకోదగ్గవి ఎక్కువ ఆ మూడేళ్ళలోవే. తర్వాత రంజాను జరుగుతూ జరుగుతూ 2024, 2025 లలో ఫాల్గుణంలోకి వచ్చింది. ఇంకేముంది, ఒంట్లో ఉపవాసం, చేతిలో దబ్బనం, చెవి దగ్గర ఫోనులో "ఐదొందల మాటలు".

తీరిక ఎక్కువైనా కష్టమే. 2024 లో మే, జూన్ నెలలు రెండూ మూఢంలో కొట్టుకుపోయాయి. ముహూర్తాలే లేవు. కాగితాలు చక్కగా వచ్చాయి, కొట్లో గల్లాపెట్టె ఖాళీ. ఆ జూన్‌లో జిరాక్సుకి డబ్బుల్లేక ముప్ఫై కాపీలు పన్నెండయ్యాయి.

మాకంటూ పెట్టుకున్న కట్టుబాట్లు పెద్దగా లేవు. కాగితం నెలవంక కనబడ్డ రోజు తలుపు మీద ఉండాలి. నిండినా నిండకపోయినా ఉండాలి. రెండు పేజీలు దాటకూడదు. ఖాళీ మిగిలితే మిగలనివ్వాలి. ఒకసారి మాఘంలో పది వాక్యాలే రాశాం, మిగతా తెల్లగా వదిలి అంటించాం. ఒక పెద్దాయన వచ్చి, "ఏం సాయిబూ, ఈ నెల పరుపులు బాగా కుట్టినట్టున్నారే" అన్నారు. చదివేవాడికి మా తీరిక కూడా తెలిసిపోతుందన్నమాట.

మా కులంలో ఈ పని కొత్తది కాదని మాకు మేము చెప్పుకుంటూ ఉంటాం. బాగ్దాదులో 922 లో మరణశిక్షకి గురైన సూఫీ మన్సూర్ పేరులో హల్లాజ్ అన్నది ఉంది చూశారూ, దాని అర్థం దూదేకేవాడనే. ఉత్తరాదిన దూదేకులవాళ్ళు మన్సూరీలని పేరు పెట్టుకున్నది ఆయన్ని తలుచుకునే. పదహారో శతాబ్దంలో రాజస్థాన్ వైపు భక్తి పాటలు కట్టిన దాదూ దయాళుదీ దూదేకుల ఇల్లేనని చెబుతారు. ఆయన పాడితే శిష్యులు రాసిపెట్టారు. మాకు శిష్యులు లేరు. రాసిపెట్టే పని కూడా మాదే.

ఇంతవరకూ రాసింది చదివితే మాకు కరువైంది గంటలేనని మీరనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. 2020 దాకా.

ఆ ఏడు ఉగాది నాడే దేశమంతా తాళాలు పడ్డాయి. ఆ తర్వాత నెలలో వైశాఖమూ రంజానూ కలిసి వచ్చాయి. పెళ్ళిళ్ళు లేవు, మసీదుకి వెళ్ళేది లేదు, కొట్టు తెరిచేది లేదు. ఇరవై నాలుగ్గంటలూ మావే. అన్నేళ్ళ నుంచి కావాలనుకున్న తీరిక మొత్తం ఒక్కసారి వచ్చి పడింది. ఒక్క వాక్యం రాయలేకపోయాం. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి టీవీలో రాత్రింబవళ్ళు నడుస్తోంది. రోగాన్ని మేమే మోసుకొచ్చి ఊరూరా పంచుతున్నామన్నట్టు మాట్లాడుతున్నారు. మా దగ్గర మూడు తరాలుగా పరుపులు కుట్టించుకునే ఒక ఇంటి నుంచి ఫోను చేసి, "తలగడలు ఇప్పుడొద్దులే సాయిబూ, తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకేమీ అనలేదు. గొంతులో మర్యాద ఎక్కడికీ పోలేదు. అడ్వాన్సు కూడా వెనక్కి అడగలేదు. ఆ అడ్వాన్సు డబ్బులు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా వంక చూస్తూ కూర్చున్నాం. ఆ ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగుకి వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఆ తీర్పు సంగతి పేపర్లో ఏ మూలనో వచ్చింది. మేము కత్తిరించి దాచుకున్నాం.

నాలుగు నెలవంకలు తలుపు మీద కాగితం లేకుండా వెళ్ళిపోయాయి. అరగంట దొరక్క కాదు. మనసుకి నిమ్మళం లేక. ఎవరో అడగబోయే ప్రశ్నకి జవాబు లోపల కుట్టుకుంటూ కూర్చుంటే, మన సొంత మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? రాయబోయిన ప్రతి వాక్యమూ "మేము అలాంటివాళ్ళం కాదండీ" అన్న దగ్గరికే వెళ్ళి ఆగేది. అది రాస్తే కాగితం కాదు, వాంగ్మూలం అవుతుంది. చించేశాం.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మాలో ఆడమనిషి అన్నమాట ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. "కాగితం మీద మేము, మేము అని ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళయింది, పెన్ను మాత్రం మీ చేతిలోనే ఉంటుంది."

నిజమే. రాత్రి అరగంట దొరుకుతుందన్నాం కదా. ఆ అరగంటలో అంట్లు తోమింది ఎవరు? తలగడ గలీబులకి అంచులు కుట్టింది ఎవరు? చెప్పిన కబుర్లు, పాటలు, వంటలు, పేర్లు, ఎవరు ఎవరికేమవుతారన్న లెక్కలు ముప్పాతిక వంతు ఆమెవి. కాగితం మీద ఉన్న దస్తూరీ ఆయనది. పంచాంగం మా తీరికని పట్టుకుపోతోందని గోల పెట్టినవాళ్ళం, మా ఇంట్లోనే ఒకరి తీరికతో ఇంకొకరు రాస్తున్న సంగతి చూసుకోలేదు. దానికి మాలో మగమనిషి దగ్గర జవాబు లేకపోయింది. "నీకు ఐదో తరగతేగా" అనబోయి ఆగాడు. ఆగినందుకు అల్లాకి షుక్రియా.

అప్పటి నుంచి నెల విడిచి నెల పెన్ను మారుతుంది. ఆమె నెలలో అంట్లు ఆయనవి. మొదట్లో రెండు గిన్నెలు మాడాయి, ఇప్పుడు పర్వాలేదు. ఆమె దస్తూరీ పెద్దది, వత్తులు కిందికి జారుతుంటాయి, పేజీకి తక్కువ పడుతుంది. చదివేవాళ్ళు మొదట "ఈ నెల పిల్లలతో రాయించారా?" అన్నారు. రెండు మూడు నెలలకి అలవాటు పడ్డారు.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. 2022 మే 24 న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురం తగలబడింది. మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు కాల్చారు. ఫోనుల్లో ఇంటర్నెట్టు ఆగిపోయింది. మాకు ఇంటర్నెట్టుతో పనిలేదు, జిరాక్సు కొట్లు మూసేస్తే కార్బను పెట్టి పదకొండు కాపీలు చేత్తో రాశాం. కాగితం ఆగలేదని గొప్పగా చెప్పుకున్నాం. కానీ ఆ కాగితంలో ఆ గొడవ గురించి ఒక్క ముక్క లేదు. ఊరగాయ గురించి ఉంది. తీరిక లేక కాదు, భయపడ్డాం. మాకు జరిగినప్పుడు ఎవరూ మాట్లాడలేదని బాధపడేవాళ్ళం, దళితుల వంతు వచ్చినప్పుడు ఊరగాయ రాశాం. మర్నెల కాగితంలో, కిందటి నెల మేము భయపడ్డాం అని ఒక వాక్యం వేశాం. అంతే చేయగలిగాం.

2025 ఆషాఢం మొహర్రంతో కలిసి వచ్చింది. ఆమె నెల. ఫోను చేసిన అబ్బాయికి మాట ఇచ్చాం కదా, రంజాను గురించి రాయమని ఆయన అన్నాడు. "అది వాళ్ళు అడిగింది. నాకు పీర్ల గురించి రాయాలనుంది" అంది ఆమె. రాజోలు వైపు తన పుట్టింటి ఊళ్ళో పీర్ల పండగ, మేనమామ పీరెత్తుకుని వస్తుంటే వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో కాళ్ళ మీద నీళ్ళు పోయడం, గుండం చుట్టూ తిరగడం, మలీద ముద్ద కోసం పిల్లల కొట్లాట. అవన్నీ మన దీనులో లేవని ఇప్పటి కుర్రాళ్ళు కోప్పడతారని ఆయన గుర్తుచేశాడు. "కోప్పడనివ్వండి. మా మామయ్య ఉన్నాడా లేదా?" అంది.

రాత్రులు కూర్చుని రాసింది. ఆ రాత్రులన్నీ అంట్లు తోమాం, అంటే ఆయన తోమాడు. రెండు పేజీల కట్టుబాటు మొదటిసారి తప్పింది, మూడో పేజీ వచ్చింది. నెలవంక దాకా ఆగకుండా, పీర్లు లేచే రోజుకే తలుపుకి అంటించాం. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చదివి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఒకడు సాయంత్రం మళ్ళీ వచ్చి మూడో పేజీ ఒక్కటీ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఎందుకో అడగలేదు.

పత్రిక అబ్బాయికి ఒక కాపీ పోస్టు చేశాం. జవాబు రాలేదు.

మర్నాడు పొద్దున్నే వానలో ఒకాయన సైకిలు ఆపి, తల మీద తువ్వాలు కప్పుకుని తలుపు ముందు నిలబడి మూడు పేజీలూ చదివాడు. "మా ఊళ్ళో పీరు మా తాతే ఎత్తేవోడండి" అన్నాడు. వాళ్ళు శెట్టిబలిజలు. ఊరి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన పని చెప్పాడు. శ్రావణంలో కూతురి పెళ్ళిట. మాలో ఒకరు బిల్లు పుస్తకం వెతుకుతుంటే, ఆమె మూడో పేజీ కింద మిగిలిన జాగాలో పెన్నుతో రాసేసింది. పీరెత్తిన తాత పేరు, దాని కింద పరుపులు రెండు, తలగడలు నాలుగు, బూరుగదూది.